గిల్లని ఆకు

ఫజర్ నమాజు కాగానే సుగ్రాబీ చేసే మొదటి పని, గోడకు వేలాడే చెక్క గరిటెలను బొటనవేలితో తడమడం. తెల్లారేసరికి వాటికొచ్చిన ఆకులను గోటితో గిల్లి, మేకకు పెట్టి, ఆ తర్వాతే బిస్మిల్లా అని పొయ్యి వెలిగిస్తుంది. ఉదయగిరిలో ఆ వీధి వాళ్లందరికీ తెలిసిందే: కొమ్మ ఇచ్చిన చెట్టు దుర్గం కొండ మీద బతికున్నన్నాళ్లూ దాని గరిటె ఆకు వేస్తుంది. పప్పులో పడకుండా గిల్లుకోవాలి, అంతే.

నర్ది చెట్టుకైనా బిక్కి చెట్టుకైనా చేతిమందం కొమ్మే కొట్టాలి. కొట్టినచోట తడిమట్టి మెత్తి, చెట్టుకు సలాం చెప్పి కొండ దిగాలి. ఈ మాట సుగ్రాబీకి వాళ్లమ్మ చెప్పింది. ఆ అమ్మ గరిటె ఇప్పటికీ ఆ గోడకే ఉంది, ఇప్పటికీ ఆకు వేస్తుంది.

మనవరాలు ఆస్మా ఆ మాటనే ఫోన్‌లో రెండు నిమిషాల సినిమాగా తీసింది. పెళ్లి పందిరి వెనక ప్లాస్టిక్ స్పూన్ల గుట్ట, దాదీ చేతిలో చెక్క చెక్కే బాడిస, చివర ఆకు తొడిగిన గరిటె. "మా స్పూన్ కోసం చెట్టు చావదు" అని ఆస్మా గొంతు. నాలుగు లక్షల మంది చూశారు. ఆత్మకూరులో ఒక కాలేజీ వాళ్లు తెరకట్టి వేస్తే, పిల్లలంతా ఇక ప్లాస్టిక్ ముట్టమని చేతులెత్తారట. ఎక్కడెక్కడివాళ్లో కలిసి మూడువేల స్పూన్లు కావాలన్నారు. చెక్క తెచ్చే పని సుగ్రాబీ కొడుకు, ఆస్మా చాచా జబీవుల్లా నెత్తిన వేసుకున్నాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. పొద్దస్తమానం ఆకురాయి చప్పుడే. పార్సిళ్లు బస్సెక్కుతూనే ఉన్నాయి. ఆస్మా అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్ వదల్లేదు.

"మా స్పూన్‌కి ఆకు ఎప్పుడొస్తుంది?" అని హైదరాబాదు నుంచి ఒకరు. "రోజూ నీళ్లు చల్లుతున్నానండీ" అని విశాఖ నుంచి ఒకామె. నెల తిరిగినా ఒక్క కొత్త స్పూన్‌కీ ఆకు రాలేదు.

"ఎండలకేమో దాదీ" అంది ఆస్మా.

సుగ్రాబీ తస్బీ పూసల దగ్గర లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చింది.

స్పూన్లు నున్నగా రుద్దడానికి వచ్చే పక్కింటి మహాలక్ష్మి, "మా ఆయన కంటే మొండివి మే ఇవి. ఎంత రుద్దినా ఉలకవూ పలకవూ" అంది. ఎవరూ నవ్వలేదు.

ఆత్మకూరు కాలేజీ నుంచి మధులత మేడం ఫోన్ చేసింది. "శుక్రవారం నాలుగింటికి నిన్ను లైవ్‌లో తెర మీద చూపిస్తామమ్మా. ఒక కొత్త స్పూన్‌కి వచ్చిన ఆకు చూపించు. పిల్లల్లో సగం మంది కొనుక్కున్నారు, రోజూ అడుగుతున్నారు."

ఆస్మా సరేనని ఫోన్ పెట్టేసి బయటికొస్తే, జబీవుల్లా ఆటోలోంచి చెక్క దించుతున్నాడు. ఒక్కో దుంగ తొడంత లావుంది.

"చాచా, ఇవి కొమ్మలేనా?"

"కొమ్మలేరుకుంటా కూచుంటే మూడువేలు ఎప్పటికైతాయే? మొదలుకాడికే కొట్టినాను."

"ఎన్ని చెట్లు?"

"పదకొండు. ఏంది ఆ చూపు? ఊరూరా డప్పు కొట్టి పిలిచింది నువ్వే గదా."

ఆస్మా గడప మీద కూర్చుని, మేడం అడిగిన సంగతి చెప్పింది.

"దీనికింత దిగులెందుకే? మీ దాదీ వాళ్లమ్మ గరిటెకి పొద్దున్నే మూడాకులొస్తాయి గదా. అదే కొత్తదని చూపియ్. ఫోన్‌లో చూసేవోళ్లకి పాతా కొత్తా ఏం తెలుస్తాది? వచ్చే నెలకి లారీ మాట్లాడినా. కలువాయి దిక్కు కొండల్లో ఇంకా శానా చెక్క ఉండాది."

లోపల సుగ్రాబీ అంతా విన్నది. శుక్రవారం పొద్దున వాళ్లమ్మ గరిటెకొచ్చిన ఆకులు గిల్లలేదు. దాన్ని తీసుకొచ్చి ఆస్మా ఒళ్లో పెట్టింది.

"నీ ఇష్టం బేటీ. దీంతో నలభై ఏళ్లు వడ్డించినాను. అబద్ధం మాత్రం వడ్డించలా."

నాలుగింటికి ఫోన్‌లో కాలేజీ హాలు కనబడింది. ఆస్మా గరిటె ఎత్తింది. మూడాకులు చూడగానే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఆగేలోగా ఒక్క మాట అంటే చాలు, కొత్తదని. ఆస్మా గరిటె కింద పెట్టి, పక్కనున్న బోసి స్పూన్ తీసింది.

"అది మా దాదీ వాళ్లమ్మది. మీకు పంపినవి ఇట్టాంటివి. వీటికి ఆకు రాదు. వీటి చెట్లు లేవు. నా వీడియో చూసి మీరు అడిగినారు, మేం మొదలంటా కొట్టేసినాం."

చప్పట్లు ఆగిపోయాయి. ఒక పిల్ల బ్యాగులోంచి తన స్పూన్ తీసి తిప్పి చూసుకుంటోంది.

"ఇప్పుడేం చేద్దాం ఆస్మా?" అంది మధులత మేడం.

ఎన్నడూ ఫోన్ ముందు నోరు విప్పని సుగ్రాబీ కొంగు సర్దుకుని ముందుకు వంగింది. "కొట్టేసిన మొద్దులకి మట్టి మెత్తలేదమ్మా. వేర్లు ఇంకా చచ్చుండవు. ఎవరన్నా వచ్చి మట్టి మెత్తండి."

"కొంప ముంచినారు ఇద్దరూ" అని జబీవుల్లా వెళ్లిపోయాడు. ఎదురిల్లే అయినా చాలా రోజులు ఆ గడప తొక్కలేదు.

ఆదివారం ఆత్మకూరు బస్సులో ముప్పై మంది దిగి కొండెక్కారు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో తడిమట్టి. పదకొండు మొద్దులకూ సుగ్రాబీ చూపినట్టే మెత్తి, కొందరు సలాం చెప్పి, కొందరు దండం పెట్టి దిగారు. ఆస్మా అదీ తీసింది. ఎంతమంది చూశారో మాత్రం ఈసారి చూసుకోలేదు. గోడకున్న కొత్త స్పూన్లనే రోజుకు పదిసార్లు తడుముకుంది. రెండు వానలు పడ్డాయి.

లారీ వచ్చిన పొద్దున, వీధి మొగదల హారన్ మోగుతూనే ఉంది. జబీవుల్లా తల్లి గడపలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో టీ గ్లాసు. అందులో చక్కెర కలుపుకోను వేసుకున్న స్పూన్, తాను కొట్టిన చెక్కదే. కాడ చివర గోరంత ఆకు, ఇంకా ఎర్రగానే ఉంది.

"అమ్మా, ఇది..." అంటూ గిల్లబోయాడు.

అలవాటుగా లేచిన సుగ్రాబీ బొటనవేలు కూడా మధ్యలోనే ఆగింది.

"గిల్లొద్దురా. ఉండనియ్."

ఆస్మా ఒళ్లో ఫోన్ ఆగకుండా అదురుతోంది. ఎవరెవరివో మెసేజీలు, అన్నిట్లోనూ ఒకటే మాట: వచ్చింది.

"చాచా, లారీ ఆయన పిలస్తా ఉండాడు."

"పొమ్మను" అని జబీవుల్లా గోడకానుకుని కూర్చున్నాడు. స్పూన్ బయటికి తీయలేదు. ఆకు ముక్కుకు తగులుతున్నా, అట్లాగే టీ తాగాడు.