కెమెరా తిప్పరా, హైలెస్సా

ఉమామహేష్ తీసిన రెండు సినిమాలూ వారం ఆడలేదు. పాటల మీద తీసిన డాక్యుమెంటరీలకే కాస్త పేరొచ్చింది. అందుకే భావనపాడు ఒడ్డున వల లాగే పాట కోసం మూడు రోజులుగా ఎండలో మాడుతున్నాడు. జాలర్లను వరసగా కూర్చోబెట్టి పాడమంటే, బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు పాడారు.

"ప్రాణం పెట్టి పాడండయ్యా!" అని విసుక్కున్నాడు.

"ఉత్త సేతుల్తో పాటెలా వత్తాది బాబూ?" అన్నాడు ముసలి దానయ్య. "తాడు బరువెక్కాల. ఒకడు కేకెయ్యాల, మిగతావోళ్లం అందుకోవాల."

నాలుగో రోజు వల నిండింది. దానయ్య కేక వేశాడు. ముప్పై గొంతులు "హైలెస్సా" అని అందుకున్నాయి. ఉమామహేష్ ఒళ్లు ఝల్లుమంది. తీరా చూస్తే, కెమెరామన్ సముద్రం మీది పక్షులను తీస్తున్నాడు. ఉమామహేష్ గొంతు చించుకుని అరిచాడు.

"కెమెరా ఇటు తిప్పరా!"

"హైలెస్సా!"

"మిమ్మల్ని కాదయ్యా!"

"హైలెస్సా!"

"ఆపండి, నా కర్మ!"

"హైలెస్సా!"

వల ఒడ్డెక్కింది. దానయ్య చెమట తుడుచుకుంటూ వచ్చి అతని భుజం తట్టాడు.

"నీ కేక బాగుంది బాబూ. రేపు ఆ కెమెరా ఒగ్గీసి వచ్చీ."