గాజుపెట్టెలో కలుపు

మా ఆయన ఆర్చీ కోరీ మా ఊరి నది ఒడ్డున ఉన్న సర్కారు మొక్కల తోటలో ముప్పయ్యేళ్లు మేస్త్రీగా చేశాడు. కలుపంటే ఆయనకు ఒళ్లు మంట.

ఆ ఏడు సెప్టెంబరులో ఫిజీ నుంచి ఓడలో ఒక గాజుపెట్టె వచ్చింది. అందులో పన్నెండు యాసి మొక్కలున్నాయి. ఫిజీవాళ్లు తమ గంధపు చెట్టును యాసి అంటారు. వాటిని మూడు నెలలు సాకి మారిషస్ తోటకు పంపాలి. బదులుగా మారిషస్‌వాళ్లు నాటుకోవడానికి తెగులు లేని చెరకు ముక్కలు, ముచ్చెలు, పంపుతామన్నారు. మా జిల్లాలో చెరకంతా తెగులు తగిలి ఎండిపోతున్న రోజులవి. రైతులు వారం వారం తోట గేటు దగ్గరికొచ్చి, ముచ్చెలు ఎప్పుడొస్తాయని అడిగిపోయేవారు.

పెట్టె మూత తీయగానే ఆర్చీ ముఖం చిట్లించాడు. మొక్కల మధ్య పొన్నగంటి లాంటిదేదో మట్టి కనబడకుండా అల్లుకుపోయింది. ఇంత చెత్త పెంచి పంపుతారా అని సణుగుతూ పొద్దుగూకేలోగా అంతా పీకేసి, పెట్టెను అద్దంలా తయారుచేశాడు.

పది రోజులకు యాసి ఆకులు పసుపెక్కాయి. ఆర్చీ నీడ కట్టాడు, నీళ్లు తగ్గించాడు, ఎరువు మార్చాడు. నెల తిరిగేసరికి మూడు మొక్కలు చచ్చిపోయాయి. ఆయనకు తిండి సయించేది కాదు. తెల్లారగానే గాజుపెట్టె దగ్గరికెళ్లి, రాలిన ఆకులు లెక్కపెట్టి తిరిగొచ్చేవాడు.

అప్పుడే ఆ ఓడ మళ్లీ వచ్చింది. దాని సరంగు విలికేసాది ఫిజీలో గంధపు చెట్లకు పేరుపడ్డ బువా ప్రాంతం. దారంతా ఆ పెట్టెకు ఉప్పునీళ్లు తగలకుండా కాపాడింది అతనే. మొక్కల్ని చూసిపోదామని తోటకొచ్చి, పెట్టె ముందు గొంతుక్కూచున్నాడు.

"వీటి పక్కనుండే తీగేదమ్మా?" అని నన్నడిగాడు.

మా ఆయన పీకేశాడని చెప్పాను.

విలికేసా ఆర్చీ వైపు తిరిగాడు. "ఏం పెద్దాయనా, దాని కంచం లాగేశావా? యాసి ఒంటరిగా బతకదు. పక్కదాని వేళ్లకు నోరుపెట్టి తింటుంది. మా ఊళ్లో చిన్నపిల్లనడిగినా చెబుతుంది."

నువ్వు ఓడెక్కకముందు నుంచీ నేను అంట్లు కడుతున్నానని ఆర్చీ కస్సుమన్నాడు. విలికేసా ఏమీ అనుకోలేదు. చచ్చిన మొక్కనొకదాన్ని తవ్వి చూడమన్నాడు.

ఆర్చీ తవ్వాడు. వేరు కడిగి భూతద్దం పెట్టి చూశాడు. మట్టిలో మిగిలిన తీగ వేరు ముక్కను, గంధపు వేరు కందిబద్దంత బుడిపెతో జలగలా కరుచుకుని ఉంది. ఆయన భూతద్దం పక్కన పెట్టి నేలమీద చతికిలబడ్డాడు.

"ఎల్స్‌పెత్, వీటిని చంపింది నేనే," అన్నాడు.

విలికేసా ఆయన చెయ్యి పట్టి లేపాడు. "తొమ్మిది బతికున్నాయిగా. లే, కలుపు తెద్దాం."

తీరా చూస్తే ఆ తోటంతా గాలించినా కలుపు మొక్క ఒక్కటీ దొరకలేదు. ముప్పయ్యేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేశావులే అని విలికేసా ఎగతాళి చేశాడు. ఆర్చీకి కోపం రాలేదు సరికదా, నెల తర్వాత మొదటిసారి నవ్వాడు. చివరికి పోలీసు ఠాణా వెనక మురుగుకాలవ గట్టున పొన్నగంటి దొరికింది. మోకాళ్లదాకా బురదలో దిగి, ఇద్దరూ బుట్ట నింపుకొచ్చి, యాసి మొక్కల పక్కన నాటారు.

మూడు వారాలు ఏమీ తెలియలేదు. నాలుగో వారం ఒక ఉదయం ఆర్చీ వంటింటి కిటికీ దగ్గరికొచ్చి నన్ను పిలిచాడు. వెళ్లి చూస్తే, ఒక కొమ్మ చివర గోరంత ఆకు, ఎర్రగా, తళతళలాడుతూ. ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. నా గుండెల మీంచి బండ దించినట్టయింది. వారంలో తొమ్మిదీ చిగురించాయి.

డిసెంబరులో తనిఖీకొచ్చిన తోట డైరెక్టరు, పెట్టె నిండా ఈ గడ్డేమిటని అడిగాడు. ఆర్చీ తను చేసిన తప్పుతో సహా అంతా చెప్పాడు. డైరెక్టరు కోప్పడలేదు. అదే సంగతి రాసి పెట్టెకు అంటించమన్నాడు. ఆర్చీ పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు: "కలుపు పీకవద్దు. పీకినవాణ్ణి నేనే, మూడు చచ్చాయి."

పెట్టె అందుకున్న మారిషస్‌వాళ్ల నుంచి మార్చిలో జవాబొచ్చింది. దారిలో ఒకటి పోయినా ఎనిమిది మొక్కలు క్షేమంగా చేరాయట, చెరకు ముచ్చెలు ఓడెక్కాయట. ఆర్చీ ఉత్తరం రెండుసార్లు చదివి, చెప్పులైనా వేసుకోకుండా గేటు దగ్గర నిలబడ్డ రైతులకు చెప్పడానికి పరిగెత్తాడు.