చీలమండ దగ్గర బిగువు

మండపేట చుట్టుపక్కల ఆయిలింజన్లు నడిచిన రోజుల్లో నా చెయ్యి పడని ఇంజను లేదు. నేను పిస్టన్ రింగులు మార్చిన ఇంజనుకు కంప్రెషన్ ఎంత గట్టిగా ఉండేదంటే, పొగగొట్టం మీద వాలిన కాకి ఒకటి, హ్యాండిల్ తిప్పగానే ఎగిరి కాకినాడ హార్బరులో పడింది. చేపలు తిని సాయంత్రానికి తిరిగొచ్చింది కూడా. నమ్మకపోతే మా ఆవిడ జ్ఞానమ్మను అడగండి. ఆవిడా నమ్మదు.

అలాంటి నాకు డెబ్బై నాలుగో ఏట ఎడమకాలి చీలమండ పైన పుండు పడింది. ఎనిమిది నెలలైనా మానలేదు. నలభై ఏళ్లు ఇంజన్ల ముందు నిలబడి నరాలు ఉబ్బాయన్నాడు కాకినాడ డాక్టరు. పాదం మీద నాడి చూసి, "కంప్రెషన్ కట్టు, అంటే కాలిని నొక్కిపట్టే గుడ్డ కట్టు, కట్టాలండి. మందుల కంటే అదే ముఖ్యం. అశ్రద్ధ చేస్తే పుండు ఎముకదాకా పోద్ది. తర్వాత కాలికి నేను పూచీ ఉండలేనండి" అన్నాడు.

అంత చదువుకున్నవాడు మందు కాదని గుడ్డ రాసిచ్చాడు. నాకు అప్పుడే అనుమానం మొదలైంది.

ప్రతి మంగళవారం డాక్టరు పంపిన నర్సు వినీల వచ్చి కట్టేది. చీలమండ దగ్గర బాగా బిగించి, పైకి పోనుపోను వదులు చేసేది. నేను కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. ఇంజను హెడ్డుకు బోల్టులన్నీ సమానంగా బిగిస్తాం. ఈ పిల్ల పైకొచ్చేసరికి చేతులు నొప్పెట్టి వదిలేస్తోందని తేల్చుకున్నాను.

"ఏవమ్మా, పైన వదిలేశావేంటి? బస్సు టైమైందా?"

"అలాగే ఉండాలి తాతగారూ."

"ఎవరు చెప్పారు?"

"చదువుకున్నానండి."

"నేనూ చదివాను, ఐదో తరగతి."

"అందులో కాళ్ల పాఠం లేదేమోనండి," అని నవ్వింది. ఆ నవ్వూ నాకు నచ్చలేదు.

ఆమె మలుపు తిరగగానే కట్టు విప్పాను. కాలు వాచిందంటే నీరు పైనుంచి దిగుతున్నట్టేగా. కాలవ కింద పుట్టినవాణ్ణి, పై తూము మూస్తే కింది చేను ఆరుతుందని నాకు ఒకరు చెప్పాలా. మోకాలి కింద నాలుగు చుట్లు బిగించి, మిగతాది వదులుగా దించాను.

రెండో రోజుకు పాదం బూరెలా పొంగింది. వేళ్లు నేరేడు రంగుకు తిరిగాయి. జ్ఞానమ్మ భయపడి వినీలను పిలిపించింది.

"కట్టు ఎవరైనా ముట్టుకున్నారాండి?"

"నువ్వు కట్టిందేగా," అన్నాను తడుముకోకుండా.

"నువ్వు కట్టాకే ఇలా అయ్యిందమ్మాయ్. డాక్టరుగారికి చెప్పి ఇంకొకర్ని పంపమంటాను," అని జ్ఞానమ్మ ఫోన్ వెతకసాగింది.

వినీల మొహం చిన్నబోయింది. కట్టు విప్పి కాలు దిండ్ల మీదికి ఎత్తింది. మోకాలి కింద ఎర్రటి గాడి. దాన్ని చూసింది, నన్ను చూసింది. ఎందుకలా చూడాలి? అదీ అనుమానమే నాకు.

అప్పుడే వీధిలో కేక. కిటికీలోంచి చూస్తే, పక్కింటి శ్యాంబాబు దారికి అడ్డంగా పైపు పరిచి, మోటారుతో మెరక చేనుకు నీళ్లు తోడుతున్నాడు. ఎవరిదో ట్రాక్టరు చక్రం సరిగ్గా దాని మీద ఆగింది. చక్రానికి అవతల పైపు చప్పబడింది. ఇవతల, మోటారు వైపు, కొండచిలువలా ఉబ్బి జాయింటు దగ్గర పగిలింది.

ఇలాంటివి వంద చూశాను. నీళ్లు పైకెక్కాలంటే తోసే బిగువు కింద ఉండాలి, పైన దారి వదులుగా ఉండాలి. నా కాల్లో నిలిచిపోయిన రక్తమూ పైకే పోవాలి. నేను మధ్యలో ట్రాక్టరు నిలిపాను.

జ్ఞానమ్మకు ఫోన్ దొరికింది.

"ఉండు," అన్నాను. "పైన బిగించింది నేనే."

ఆవిడ ఫోన్ దించింది. "కాకి కథకి నవ్వాను కదాని దీనికీ నవ్వమంటారా?"

విప్పిన కట్టు ఉండ చుట్టి వినీల చేతికిచ్చాను.

వేళ్లు మామూలు రంగుకు వచ్చాక, వినీల డాక్టరును ఫోన్లో అడిగి మళ్లీ కట్టింది. చీలమండ దగ్గర బిగువు, పైన వదులు. తర్వాత పెన్ను తీసి, చుట్ల మీదుగా పైనుంచి కిందికి నిలువుగా గీత గీసింది.

"ఇదేంటమ్మా?"

"విప్పి మళ్లీ చుడితే గీత కలవదండి."

"నన్నే అనుమానిస్తున్నావా?"

"మరి మీరు నన్ను అనుమానించలేదా తాతగారూ?"

పుండు ఇప్పుడు చింతగింజంత ఉంది. రోజూ పొద్దున్నే జ్ఞానమ్మ నా కళ్లజోడు తుడిచి, తనే పెట్టుకుని, ఆ గీత చూస్తోంది.