ఉత్తరానికి తిప్పిన ఏంటెనా

చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటిపడిన ఔలు ఊరి మీద, ఉత్తరపు ఆకాశంలో ధ్రువకాంతి ఆకుపచ్చ వెలుగు పాకింది. హిల్కా రేడియో ముందు కూర్చుని చుక్కలూ గీతలుగా మాటలు కొట్టి పంపే మోర్స్ మీట మీద వేలు ఉంచింది. దక్షిణాన సముద్రం అవతల సారెమా దీవిలో ఉండే ఎండెల్ ముప్పై ఏళ్లుగా ఆమెకు రేడియో స్నేహితుడు. ఆయనకు పక్షవాతం వచ్చిందని విని ఆరు వారాలైంది. ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

చెల్లెలు ఇర్యా ఏంటెనాను దక్షిణానికి తిప్పబోయింది.

"అటెందుకే? ఉత్తరానికి తిప్పు."

"మనిషి దక్షిణాన ఉంటే ఉత్తరానికి అరుస్తావా అక్కా? కాఫీ ఎక్కువైనట్టుంది నీకు."

"మన కేక ఆ వెలుగుకు తగిలి వెనక్కొచ్చి ఆయన దగ్గర దిగుతుందే. త్వరగా కానీ, అదెంతసేపు ఉంటుందో తెలీదు."

హిల్కా పిలిచింది. జవాబు లేదు. కిటికీలో వెలుగు పలచబడుతోంది. ఐదోసారి పిలిచాక, బుసలాంటి చప్పుడులో చుక్కలూ గీతలూ వినిపించాయి. అది ఎండెల్ స్టేషను పేరే, కానీ కొట్టే తీరు ఆయనది కాదు. ఆయన చెయ్యి వానచినుకుల్లా పరుగెత్తేది. ఇది తడబడుతోంది, మధ్యమధ్య ఆగిపోతోంది.

"ఆయన పోయాక సామాను ఇంకెవరో వాడుతున్నారేమోనే," అంది హిల్కా.

"అడిగితే పోలా?"

అడగడానికే ఆమెకు భయంగా ఉంది. చివరకు "ఎవరు?" అని కొట్టింది.

బుసలోంచి ఒక్కో అక్షరమే వచ్చింది. "నేనే. ఎడమ చెయ్యి. నేర్చుకుంటున్నా."

కిటికీలో వెలుగు ఆరిపోతోంది. హిల్కా తన వేగం సగానికి తగ్గించి, ఆయన అందుకునేలా ఒక్కో అక్షరం విడదీసి కొట్టింది. "తొందరేం లేదు."