అటక మీది టైరు

ఆవకాయ జాడీలు అటక ఎక్కాలంటే టైరు దిగాల్సిందేనని వెంకాయమ్మ పొద్దుటి నుంచీ పోరుతోంది. రబ్బరు కంపు నూనెకి పడితే ఏడాది పచ్చడి పారబోసుకోవాలని ఆమె బాధ. వానలు పడేదాకా టైరు కదలడానికి వీల్లేదని కోడలు కృష్ణవేణి.

"గోనెపట్టా చుట్టి పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టావు. నా జాడీలేమో గొడ్ల చావిట్లో ఉండాలా?" అంది వెంకాయమ్మ.

ఆడవాళ్ల మాటల మధ్యకి ఎప్పుడూ రాని బసవపున్నారావు ఇవాళ వాకిట్లో బండి తుడుస్తున్నవాడల్లా గుమ్మంలోకి వచ్చాడు. "ఉండనీ అమ్మా. దాన్ని ముట్టుకోమాక," అన్నాడు.

ఆ టైరు ఎందుకు కొన్నారో ఇంట్లో అందరికీ తెలుసు. కిందటేడు ముసురులో కృష్ణవేణికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఊళ్లో కారు లేదు, ఉన్న ఒక్క బస్సూ పొద్దున్నే వెళ్లిపోయింది. భర్త మోటారు సైకిలు మీద నూజివీడు ఆస్పత్రికి బయల్దేరదీశాడు. వాగు మీది చప్టా దిగేచోట ఎర్రమట్టి మీద వెనక చక్రం జారింది. ఆమెకి మోచెయ్యి గీరుకుపోయిందంతే. కడుపులో బిడ్డ మాత్రం దక్కలేదు.

మళ్లీ నెల తప్పినప్పుడు, చివరి రెండు నెలలూ నూజివీడులోనే ఉంటానని కృష్ణవేణి అడిగింది. ఆమెకి తల్లి లేదు. ఆస్పత్రిలో నర్సుగా చేసే జోజమ్మ, కిందటేడు ఆ రాత్రంతా పక్కన కూర్చున్న మనిషి, తనింట్లో గది ఇస్తానంది. ఇంటి కోడలు పరాయి గడపలో పురుడు పోసుకోవడమేంటని వెంకాయమ్మ ఒప్పుకోలేదు. దానికి బదులుగా వచ్చిందే ఈ టైరు.

బెజవాడలో టైర్ల కొట్టు సలోమోను రెండు రకాలు చూపించాడు. ఒకటి గట్టి రబ్బరుది. ఏళ్ల తరబడి అరగదు. వాళ్ల బండికి ఉన్నది అదే. రెండోది మద్రాసులో పందేలకి వెళ్లే కుర్రాళ్లు వేయించుకునే మెత్త రకం. గోరు నొక్కితే దిగుతోంది.

"తడి రోడ్డుని జలగ పట్టినట్టు పడతదండీ," అన్నాడు సలోమోను. "కానీ మీ కంకర రోడ్ల మీద మామిడికాయల బరువేసుకుని తిరిగితే మాత్రం ఒక్క కాపుకి కూడా రాదు. పట్టుండేది తొందరగా అరుగుద్దండీ."

కృష్ణవేణి మెత్తదే చాలంది. ఇంటికొచ్చాక బండికి వేయనివ్వలేదు. కోతలన్నీ పాత టైరుతోనే కానివ్వాలని, వానలు పడ్డాకే దీన్ని దించాలని భర్త దగ్గర మాట తీసుకుంది. భయమేసిన రోజున అటకవైపు చూసుకునేది.

కొడుకు వద్దన్నా వెంకాయమ్మ ఆగలేదు. ముక్కాలి పీట ఎక్కి పట్టా కొస పట్టుకుని లాగింది. టైరు కింద పడి, పట్టా ఊడి, గోడకి తగిలి ఒరిగింది.

టైరుకి ఒక పక్కన పొడుగాటి గాటు ఉంది. కిందటేడు చప్టా దగ్గర పాత టైరుని రాయి కోసిన గాటు.

కృష్ణవేణి చీపురు పుల్లొకటి విరుచుకుని వాకిట్లోకి నడిచింది. ఏడో నెల కడుపుతో బండి పక్కన కూర్చోవడానికి అవస్థపడింది. పుల్లని వెనక టైరు గాడిలో నిలబెట్టబోయింది. నిలవడానికి అక్కడ గాడి లేదు. అరచేత్తో తడిమితే పలకలా నున్నగా తగిలింది.

బసవపున్నారావు ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కాయల బరువుకి పాత టైరులో ట్యూబు ఊరికే పేలిపోయేదట. చాట్రాయి తోటలో కాయ పండుబారుతోంది, గాలివాన వస్తే మొత్తం రాలిపోతుంది. రెండ్రోజులకని కొత్తది వేసి, పాతదాన్ని పట్టాలో చుట్టి అటక మీద పెట్టాడు. రేపు తీసేస్తాను, రేపు తీసేస్తాను అనుకుంటూనే తిరిగాడు. అరిగిపోయాక చూసుకుని, ఆమెకి తెలియకుండా బెజవాడ వెళ్లాడు. ఆ రకం దసరా దాటితే గాని రాదన్నారు. తిరగని కొట్టు లేదట.

"గట్టిది దొరుకుద్ది వేణీ. అదేయించి మెల్లిగా తోలతాను."

"ఆ రోజూ మెల్లిగానే తోలారండీ," అంది కృష్ణవేణి.

అతను అరిగిన టైరు మీద చెయ్యి వేశాడు. గుమ్మంలో నిలబడ్డ వెంకాయమ్మ దేవుడి పేరు ఎత్తబోయి లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూర్చున్నారు. జాడీలు ఇంకా నేల మీదే ఉన్నాయి. కృష్ణవేణి పొలం నుంచి వచ్చిన మామగారికి పప్పు వేసి, భర్తకి వేసి, అత్తగారి కంచం దగ్గర ఆగింది.

"రేపు పొద్దున బస్సుకి నూజివీడు వెళ్తున్నాను అత్తయ్యా," అంది. "పురుడయ్యేదాకా జోజమ్మ గారింట్లోనే ఉంటాను. నా కోసం ఎవరూ బండి తీయక్కర్లేదు. రోడ్డు దాకా నడుస్తాను."

అత్తగారి కంచంలో పప్పు వేసింది.