చంక కింది ఒర

మందమర్రిలో బొగ్గుబాయి గేటుకు ఎదురుగా బక్కయ్య తోలు దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు రేకులు, ఒక చింతమొద్దు, ఆ మొద్దు ముందు ముప్ఫై ఏళ్లుగా కదలకుండా కూర్చున్న బక్కయ్య. అంతే. కానీ బాయిలోకి దిగేవాళ్లు నడుముకు లైటు బ్యాటరీ కట్టుకునే బెల్టు తెగితే ఆయన దగ్గరికే వచ్చేవారు. ఎనిమిది గంటలు మోసినా చర్మం లేవకుండా బరువును ఒంటిమీద ఎట్లా పరచాలో ఆయనకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకొకరికి తెలియదు. ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. తాను తొడుక్కుని తిరిగి చూడందే ఏ వస్తువునూ గిరాకీ చేతిలో పెట్టడు. చెప్పులైతే చెప్పులు, బెల్టయితే బెల్టు. ముసలోడు తొడిగినవి మాకెందుకని కొత్తవాళ్లు మూతి విరిచేవారు. విరిస్తే విరవనీ, ఆయన లెక్కచేసేవాడా!

అట్లాంటి మనిషి చేతికి తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో సొంత కొడుకు పనే వచ్చి పడింది.

కొడుకు పేరు ఆశీర్వాదం. ఒక్కడే. పోలీసు ఉద్యోగం వచ్చిననాడు చర్చిలో అందరికీ బూందీ పంచారు. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక నాయకుడికి గన్‌మన్. ఖాకీ బట్టలు కావు, మామూలు ప్యాంటూ అంగీ, లోపల పిస్తోలు. ఆ రోజుల్లో ఆ పిస్తోలే గండం. అన్నలు, అదే నక్సలైట్లు, జనంలో కలిసిపోయి వచ్చేవారు. నడుము దగ్గర ఉబ్బెత్తు కనపడిందంటే మనిషిని కాల్చి ఆయుధం పట్టుకుపోయేవారు. రెండు నెలల కిందనే ఆశీర్వాదంతోపాటు పనిచేసే పిల్లవాడొకడు చాయ్ హోటల్ ముందు అట్లాగే పోయాడు. అప్పటినుంచి ఆశీర్వాదం ఇంటికి రావడం మానేశాడు. తల్లి ప్రేమమ్మే నెలకోసారి బస్సెక్కి పోయి చూసి వచ్చేది.

ఈసారి చూసి వచ్చి గడపలోనే కూలబడింది.

“నడుముకు పెట్టుకుంటుండు. బండెక్కంగనే అంగీ లేస్తుంది, లేస్తె కనవడుతుంది. నడుమంత ఒరుసుకపోయి పుండయింది. మొన్న జీపు దిగుతుంటె జారి కింద పడ్డదట. అందరు చూసిండ్రట.” కొంగులోంచి మడిచిన క్యాలెండరు కాగితం తీసింది. దాని వెనక, పిస్తోలును పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసిన గీత ఉంది. “చంక కింద పెట్టుకునేటిది కావాల్నట. బాపు కుడుతడా అని అడిగిండు.”

కుడతాడా అనట! బక్కయ్య ఆ కాగితాన్ని మొద్దు మీద పరిచి చాలాసేపు చూశాడు. ఆశీర్వాదం పెద్దబడికి పోయిన నాటినుంచి తండ్రి పని పేరు ఎత్తలేదు. స్నేహితులెవరినీ ఈ రేకుల కిందికి తీసుకురాలేదు. ఇవాళ తన ప్రాణం తెచ్చి తండ్రి చేతుల్లోనే పెట్టాడు. బక్కయ్యకు ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక తోలు కోసే రంపె తీసి నూరుకుంటూ కూర్చున్నాడు.

“మూడు ముచ్చట్లు,” అన్నాడు చివరికి. “కనవడద్దు. జారద్దు. ఒరుసుకోవద్దు. నువ్వు ఫికర్ చెయ్యకు.”

ముందు టేకుచెక్కతో పిస్తోలు చెక్కాడు. అసలుది కిలోకు జర తక్కువని కొడుకు చెప్పి పంపాడు గనుక, చెక్కను తొలిచి లోపల ఇనుప బోల్టులు దిగ్గొట్టి, కూరగాయల కనకవ్వ తక్కెడలో తూచుకొచ్చాడు. దూడతోలు నానబెట్టి ఆ చెక్క చుట్టూ బిగించి నీడన ఆరబెట్టాడు. ఆరేసరికి తోలు ఆ ఆకారాన్ని పట్టేసింది. ఒర కుదిరింది కానీ పట్టీ దగ్గర తంటా వచ్చింది. మొదటి పట్టీ సన్నగా కోశాడు. గంటసేపు తొడిగితే మెడ నరం మీద ఎర్రగా గీత పడింది. విప్పి పారేశాడు. రెండోసారి ఎడమ భుజం మీద నాలుగు వేళ్ల వెడల్పు ఉంచి, అడుగున మెత్తటి మేకతోలు వేసి, బరువంతా ఒకే భుజం మీద పడకుండా పట్టీని వీపు మీదుగా కుడి భుజానికి తిప్పాడు. మెడ తేలికపడింది. హమ్మయ్య అనుకుని వంగితే ఒర ఎద్దు మెడలో గంటలాగా ఊగింది! కింద చిన్న తోక పెట్టి ప్యాంటు బెల్టుకు కట్టాడు; అప్పటికి ఊగడం ఆగింది.

ఇక జారకుండా ఉండటానికి పైనుంచి ఒక తోలు నాలుక, దానికి టిచ్ బటను. బొటనవేలితో నొక్కితే తెరుచుకోవాలి; పరుగెత్తినా, దూకినా, తలకిందులైనా దానంతటది తెరుచుకోకూడదు. దూకి చూశాడు సరే, తలకిందులు ఎట్లా చూడాలి? అరవై దగ్గరపడిన మనిషి మంచం అంచున తల కిందికి వేలాడేసుకుని, కాళ్లు గోడకు పెట్టి పడుకున్నాడు.

“పిచ్చిగిట్ల లేసిందా?” అని కేకేసింది ప్రేమమ్మ.

“పడలే సూడు!” అన్నాడు కిందినుంచే.

తర్వాత తన పట్టింపు ప్రకారం తొడుక్కుని తిరగడం మొదలుపెట్టాడు. “ముసలోన్ని, నన్నెవలు చూస్తరే” అంటూ, చెక్క పిస్తోలు పెట్టిన ఒరను వదులు అంగీ కింద వేసుకుని దుకాణంలో కూర్చున్నాడు, బజారుకు పోయాడు, ఆదివారం చర్చిలో మోకరించాడు. పదకొండు రోజులు. ఎక్కడా ఒరుసుకోలేదు, జారలేదు. పన్నెండో రోజు ఇంకా గట్టి టిచ్ బటన్లు తెద్దామని మంచిర్యాల పోయి, పగటి బస్సులో తిరిగొస్తున్నాడు.

ఆయన వెనక సీట్లో ఇద్దరు కూర్చున్నారు. ఒకడికి ముప్ఫై దాటి ఉంటాయి. ఇంకొకడికి మీసం కూడా సరిగా రాలేదు. మందమర్రిలో ఆయన దిగితే వాళ్లూ దిగారు. రైలుపట్టాల పక్క దారిలో ఎవరూ లేనిచోట పెద్దవాడు వచ్చి భుజం మీద చేయి వేశాడు.

“కాకా, జర ఆగు. అంగీ ఎత్తు.”

వాడి రెండో చేయి చేతిసంచిలో ఉంది. సంచిలో ఏముందో అడగాల్సిన పనిలేదు. బక్కయ్య అంగీ ఎత్తాడు. చిన్నవాడు బటను నొక్కి లాగితే చేతిలోకి చెక్కముక్క వచ్చింది. వాడు బిత్తరపోయి, ఆ తర్వాత పకపకా నవ్వాడు. పెద్దవాడు నవ్వలేదు.

“ఎవలికి కుడుతున్నవ్?”

కొడుకు పేరు చెబితే కొడుకు పోతాడు. ఇంకెవరి పేరు చెప్పినా వాళ్లు పోతారు.

“ఎవలికి గాదు బిడ్డా. తోలు పనోన్ని. బెల్టులకు గిరాకీ తగ్గింది. లైసెన్సు తుపాకులున్న పెద్దోళ్లు కొంటరేమోనని ఒకటి చేసి చూస్తున్న. నేను తొడిగి చూడంది ఎవలికియ్య. బాయిగేటుకాడ ఎవలనన్న అడుగుండ్రి.”

చెప్పినదాంట్లో సగం నిజం. ఆ సగమే ఆయనను కాపాడింది. పెద్దవాడి చేయి సంచిలోంచి బయటికి వచ్చింది.

అప్పుడు, చూడండి మరి, బక్కయ్య ఏమడిగాడో! ప్రాణాలు దక్కితే చాలునని పారిపోవలసినవాడు అడిగే మాటేనా అది?

“మీకెట్ల కనవడ్డది బిడ్డా? గింత వదులంగి తొడిగితి గద.”

“కనవడలే తాతా,” అన్నాడు చిన్నవాడు. “ఇనవడ్డది. బస్సు కుదిపినప్పుడల్ల నీ చంకల కిర్రుమంటుంది.”

కిర్రుచెప్పులు! తండ్రి దగ్గర బక్కయ్య నేర్చిన మొదటి విద్య అదే. నడుస్తుంటే చెప్పులు కిర్రుకిర్రుమనాలి, వచ్చేదెవరో వాడకంతా తెలియాలి. దొరలకు, పటేండ్లకు అదొక దర్జా. రెండు పొరల మధ్య నూనె తగలని ఎండుతోలు ముక్క ఒకటి వేసి కుడితే ఆ చప్పుడు వస్తుంది. ఒరకు పట్టీ అతికే చోట ఆయన చేతులు ఆయనను అడగకుండానే ఆ ముక్కను వేసేశాయి. చెవులకేమో ఆ చప్పుడు వినపడటం ఎన్నడో మానేసింది. అదే ఇంట్లో ముసలిదైన ప్రేమమ్మకూ అంతే. ఇదే తొడుక్కుని ఆశీర్వాదం బస్సెక్కి ఉంటే! అంత ఎండలోనూ బక్కయ్యకు ఒళ్లంతా చల్లబడింది.

పెద్దవాడు ఒరను విప్పించి, తిప్పి తిప్పి చూశాడు.

“పనితనం మంచిగున్నది. మాకొకటి కావాలె, గీ పిలగానికి. వచ్చే శుక్రారం వస్తడు. కిర్రుమనద్దు.” ఒరనూ చెక్కనూ తిరిగి చేతిలో పెట్టాడు. “ఎవలికన్న చెప్పినవనుకో కాకా...” అని అక్కడితో ఆపి, పిల్లవాణ్ని తీసుకుని పోయాడు.

ఆ సాయంత్రమే బక్కయ్య కుట్టు విప్పి ఎండుముక్క తీసేశాడు. దాని చోట ఆముదంలో నానిన మేకతోలు వేసి కుట్టి, పక్కింటి హనుమండ్లును పిలిచి, బ్యాటరీ బెల్టని చెప్పి, చెవి దగ్గర పెట్టి వంచి వినిపించాడు. ఏం చప్పుడు లేదన్నాడు హనుమండ్లు. మర్నాడు ప్రేమమ్మ దాన్ని కూరగాయల సంచిలో అడుగున పెట్టుకుని కరీంనగర్ పోయి ఇచ్చి వచ్చింది. ఆశీర్వాదం తొడుక్కుని గదిలో ఎగిరి దూకాడట. ఒంటి మీద ఉన్నట్టే లేదన్నాడట. కొడుకు ఎన్నాళ్లకో నవ్వాడని చెబుతూ ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మొద్దు మీద రెండో ఒర కోసం కోసి పెట్టిన తోలు చూసింది.

“గిదెవలికి?”

బక్కయ్య దాచలేదు. పట్టాల దగ్గర జరిగిందంతా చెప్పాడు. ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది.

“అండ్ల కిర్రు పెట్టు,” అన్నది.

“ఏమన్నవ్?”

“కిర్రు పెట్టు. వాడు నా కొడుకు ఎనుకకెళ్లి వస్తె నా కొడుక్కు ఇనవడాలె.”

“ఇప్పుడే కిర్రుమంటె వాళ్లు ఊకుంటరా? మొదలు నన్ను జంపుతరు.”

“తర్వాత అనేటట్టు పెట్టు. నీకు రాని విద్యనా?”

వచ్చు. అదే వచ్చిన చిక్కు. ఎండుముక్కకు పైపైన ఆముదం రాస్తే పది రోజులు కిక్కురుమనదు. ఎండకు, చెమటకు నూనె ఇగిరిపోయాక కిర్రు మొదలవుతుంది. బక్కయ్య రెండు రోజులు ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తెలిసి తెలిసి చెడ్డ వస్తువు ఆయన ఏనాడూ కుట్టలేదు. ఇది చెడ్డ వస్తువు కూడా కాదు, తొడుక్కున్నవాణ్ని పట్టిచ్చే వస్తువు. ప్రార్థన చేసుకుందాం రమ్మని ప్రేమమ్మ పిలిస్తే నువ్వే చేసుకో అన్నాడు. గురువారం సాయంత్రం ముక్కకు ఆముదం రాశాడు, లోపల పెట్టాడు, కుట్టేశాడు. కొడుకు ముందు ఇంకేదీ నిలవలేదు.

శుక్రవారం పొద్దున చిన్నవాడు ఒక్కడే వచ్చాడు. చూసేవాళ్లకు గిరాకీలాగా చేతిలో ఒక తెగిన చెప్పు. రేకుల వెనక్కి పోయి అంగీ విప్పాడు. వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. చంక కింద తాడు కట్టుకుని తిరిగిన పుండ్లు. బక్కయ్య పట్టీ భుజం మీద వేసి సదిరి, కింద తోక బిగించాడు. ఆయన అరచేతి కింద పిల్లవాడి గుండె దబదబా కొట్టుకుంటోంది. వాడికీ భయమే.

“ఒరుసుకుంటుందా బిడ్డా?”

“లేదు తాతా. ఏం లేనట్టే ఉన్నది.” చేతులెత్తాడు, వంగాడు, కూర్చుని లేచాడు, ఊపిరి బిగబట్టి విన్నాడు. చప్పుడు లేదు. పుండ్ల మీద తోలు పడకుండా బక్కయ్య పక్కకు జరిపిన చోటును వేలితో తడుముకున్నాడు. “మా అవ్వ సుత నన్ను గింత పైలంగ చూడలే తాతా,” అని నవ్వాడు.

పోయేముందు వంగి బక్కయ్య కాళ్లకు మొక్కాడు. చెప్పులు కుట్టే బక్కయ్య కాళ్లు ముట్టుకున్నవాడు ఆ ఊళ్లో అంతకుముందు లేడు.

“సల్లగుండు బిడ్డా,” అన్నాడు బక్కయ్య. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. అయ్యో, ఎవరికి అన్నాడు ఆ మాట! ఆగు బిడ్డా, ఒక్క కుట్టు మిగిలింది అంటే చాలు, వాడు ఆగేవాడే. అనలేకపోయాడు. వాడు అంగీ గుండీలు పెట్టుకుని, సైకిలెక్కి, డ్యూటీ దిగి వస్తున్న జనంలో కలిసిపోయాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాడు.

“ఇచ్చినవా?” అన్నది ప్రేమమ్మ.

“ఇచ్చిన.”

“పెట్టినవా?”

“పెట్టిన.”

ఆమె అన్నం వడ్డించింది, పప్పు పోసింది. పోస్తూ పోస్తూ ఆగింది.

“పిలగాడు ఎంతటోడు?”

“ఇరవై ఉంటయో ఉండయో. మనోడు పోలీసుల చేరినప్పుడు ఎట్లుండె, గట్లున్నడు. బుక్కెడు బువ్వ లేక బొక్కలు దేలిండు.”

ప్రేమమ్మ గంటె గిన్నెలో వదిలేసింది. పెట్టమన్నది తానే, పంతం పట్టి పెట్టించిందీ తానే. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుపు కొంచెం ఆగాక ఆయన వైపు తిరిగింది.

“పది దినాలంటివి గద. ఈలోపల రిపేరుకని మల్ల రాడా? వస్తె ఆ ముక్క తీసెయ్యి. నేనే చెప్తున్న, తీసెయ్యి.”

బక్కయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“రాడే,” అన్నాడు. “ఒంటికి మంచిగ కుదిరింది. మంచిగ కుదిరినంక మల్ల ఎవలొస్తరు?”