పచ్చి స్లాబు

మిర్యాలగూడలో ఒక కొత్తింటికి స్లాబు పోసిన మర్నాడు, దాని మీద మట్టితో చిన్న చిన్న మళ్లు కట్టి నీళ్లు నింపాను. నాట్లకు ముందు మా వేములపల్లి పొలంలోకి దిగినట్టే ఆకాశమంతా ఆ నీళ్లలోకి దిగింది.

మెట్ల మీద కూర్చుని మా బావ జయరాజు మేస్త్రీ ఫోనులో టెస్టు మ్యాచ్ చూస్తున్నాడు. పెద్ద ఆటగాళ్లు తప్పుకున్నాక మన జట్టు నిండా కొత్త కుర్రాళ్లే. వాళ్లలో ఒకడు సున్నాకే ఔటయ్యాడు.

"వీళ్లతోని ఏమైతది? రేపే అందర్నీ తీసెయ్యాలె" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. పైపు పట్టుకుని నీళ్లలో మబ్బుల్ని చూస్తున్నాను. చూస్తూ చూస్తూ ఉండగానే అవి తెల్లబట్టల కుర్రాళ్లయ్యాయి. బ్యాటు చంకలో పెట్టుకుని, తల దించుకుని, ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నడిచిపోతున్నారు. నీళ్లు మాత్రం కదలడం లేదు. ఔటైన పిల్లాడు నా పాదాల దగ్గర ఆగాడు. వాడికింకా మీసాలైనా సరిగా రాలేదు.

కింద నుంచి ఇంటి యజమాని పిలుపు వినిపించి ఉలిక్కిపడ్డాను. మబ్బులు మళ్లీ మబ్బులయ్యాయి.

"మేస్త్రీ, స్లాబు కిందున్న ఈ సెంట్రింగ్ కర్రలు రేపే తీసెయ్. సామాను పెట్టుకోవాలె."

బావకు కోపమొచ్చింది. "నిన్ననే పోసినం సారూ, ఇంక పచ్చిగనే ఉన్నది. ఇప్పుడే కర్రలు గుంజితె కూలదా? జర నీళ్లు తాగనియ్యుండ్రి."

నేను పైపు పక్క మడిలోకి తిప్పాను.

"గా మ్యాచుల పిలగాండ్లను గూడ జర నీళ్లు తాగనియ్యి బావా" అన్నాను.